నేరకథకు ఒక్క ఆధారం చాలు

అపరాధ పరిశోధన అనగానే తెలుగు పాఠకుడికి నవలే గుర్తొస్తుంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు, మధుబాబు షాడో, అద్దె పుస్తకాల షాపులో అట్టలు నలిగిన పాకెట్ సైజు పుస్తకాలు. ఎంతోమందికి చదవడం అలవాటైంది వాటితోనే. ఆ నవలల పక్కన నాలుగైదు పేజీల్లో ముగిసే నేరకథ చిన్నబోయింది. పత్రికలో ఖాళీ నింపడానికి పనికొచ్చే సరుకుగానే చాలామంది దాన్ని చూశారు. సూరత్‌లో ఉంటూ తెలుగులో నేరకథలు రాసేవాడిగా నా నమ్మకం వేరు. నేరాన్ని చెప్పడానికి కథే అసలైన రూపం. దాన్ని శ్రద్ధగా రాస్తే ఒక ఊరి బతుకును, ఒక వృత్తి లోపలి సంగతుల్ని అది చూపించినంత బాగా మరేదీ చూపించలేదు.

పుట్టుక కథగానే

ఈ ప్రక్రియ చరిత్ర చూసినా ఇదే తేలుతుంది. 1841లో ఎడ్గార్ అలెన్ పో రాసిన రూ మోర్గ్ హత్యల కథతో డిటెక్టివ్ సాహిత్యం మొదలైందంటారు. అది పత్రికలో అచ్చయిన కథ. షెర్లాక్ హోమ్స్ మీద కోనన్ డాయిల్ ముందు రెండు నవలలు రాశాడు. కానీ హోమ్స్ ఇంటింటి పేరైంది 1891 జులై నుంచి స్ట్రాండ్ మాసపత్రికలో చిన్న కథలుగా రావడం మొదలయ్యాకే. మొత్తం మీద హోమ్స్ నవలలు 4, కథలు 56. 1932లో శరదిందు బంద్యోపాధ్యాయ బెంగాలీలో బ్యోమకేశ్ బక్షీని ప్రవేశపెట్టిందీ కథలతోనే. గ్రామఫోను పిన్నులతో హత్యలు జరిగే ఆయన తొలినాళ్ల కథ ఒకటుంది. అందులో హత్యకు వాడిన సాధనం కలకత్తా వీధుల్లో అందరికీ తెలిసిన వస్తువే. అదేమిటో చెబితే చదవబోయేవారి ఆనందం పోతుంది కాబట్టి చెప్పను.

మనకు మాత్రం బెంగాల్ నుంచి ముందు నవలలే వచ్చాయి. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో పాంచ్‌కడి దే నవలలు తెలుగులోకి దిగాయి. ఆ తర్వాత మనవాళ్లే సొంతంగా రాయడం మొదలుపెట్టారు. కారు, పిస్తోలు, క్లబ్బు, వీలునామా, మారువేషం అన్నీ నవలతోపాటు వచ్చి స్థిరపడ్డాయి. చిన్న కథల్లోకి వచ్చేసరికి ఆ సామానంతా నాలుగు పేజీల్లో కుక్కాల్సి వచ్చింది. ఇరుకైంది.

ఇంకోవైపు విశాఖపట్నంలో ప్లీడరు రాచకొండ విశ్వనాథశాస్త్రి (రావిశాస్త్రి) మద్యనిషేధ కాలపు కోర్టులు, పోలీసులు, సారా వ్యాపారం చుట్టూ 'ఆరు సారా కథలు' రాశారు. వాటిలో నేరం ఎవరు చేశారన్నది ప్రశ్నే కాదు. ఆ నేరం మీద ఎవరెవరు బతుకుతున్నారన్నదే ప్రశ్న. రావిశాస్త్రిని ఎవరూ క్రైమ్ రచయిత అనలేదు. నా లెక్కలో మాత్రం తెలుగు నేరకథకు ఆయన పెద్దదిక్కు. కొమ్మూరి నుంచి చిక్కుముడి వేసి విప్పడం నేర్చుకోవచ్చు. రావిశాస్త్రి నుంచి ఆ ముడి ఎవరి మెడకు బిగుస్తుందో చూడటం నేర్చుకోవాలి. ఈ రెండూ ఒకే కథలో కలవాలన్నదే నేను పట్టుకున్న సూత్రం. వాటిని కలిపేది పని. మనిషి చేసే పనిలోంచే ఆధారం పుట్టాలి.

సాంచాల మధ్య ఒక హత్య

సూరత్‌లో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే బస్తీల్లో లింబాయత్ ఒకటి. తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. బతుకమ్మ ఆడతారు. మరమగ్గాన్ని సాంచా అంటారు. పగలు పన్నెండు గంటలు, రాత్రి పన్నెండు గంటలు షిఫ్టులు. కూలి మీటరు లెక్కన. ఇక్కడి జీవితం మీద నేను అల్లిన ఒక కథను విప్పి చూపిస్తాను. నేరకథ ఎలా తయారవుతుందో అందులో తెలుస్తుంది.

చిట్టీ నడిపే ఒకాయన అర్ధరాత్రి తన గదిలో హత్యకు గురయ్యాడు. ఆయనతో డబ్బు తగాదా ఉన్నవాడు మల్లేశం. కానీ మల్లేశం ఆ రాత్రి షిఫ్టులో ఉన్నాడు. ఏడింటికి ఎక్కి తెల్లారేదాకా ఎనిమిది సాంచాలు నడిపానంటాడు. చప్పుడు నిండిన షెడ్డులో ఎవరి వరసలో వాళ్లు పని చేసుకుంటారు. అతను బయటికి పోవడం ఎవరూ చూడలేదు.

ఇక ఆధారం. సాంచా ఆగి మళ్లీ మొదలైతే ఆగిన చోట పేక పోగులు వత్తుగానో పలచగానో పడి గుడ్డకు అడ్డంగా సన్నని గీత వస్తుంది. నేతలో ఇది అందరికీ తెలిసిన లోపం. దీన్ని పాఠకుడికి ముందే చెప్పాలి, కానీ ఇది ఆధారమని అనిపించకూడదు. అందుకే కథ రెండో పేరాలో కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి ఒక పెద్దమనిషి చేత ఇలా చెప్పించాను: "సాంచా బంద్ చేస్తే బట్ట మీద గీత పడ్తది తమ్మీ. ఆ గీతకే శేఠ్ పైసలు కోస్తడు." పాఠకుడు కోసిన పైసల దగ్గర ఆగుతాడు. కుర్రాడి మీద జాలిపడతాడు. గీత సంగతి మనసులో ఓ మూల పడి ఉంటుంది.

తెల్లవారి నేసిన గుడ్డ తాకాలు తనిఖీ చేసి మడతపెట్టే లక్ష్మక్క ఆ గీతలు చూస్తుంది. పోగు తెగితే ఒక సాంచా ఆగుతుంది, ఒక గీత పడుతుంది. అందులో వింత లేదు. కానీ మల్లేశం నడిపిన ఎనిమిదింటి గుడ్డల మీదా షిఫ్టు మొదట్లో పెట్టిన సుద్ద గుర్తు నుంచి దాదాపు 19 మీటర్ల దగ్గర గీత ఉంది. కరెంటు పోయి ఉండొచ్చు కదా? పోతే పక్క వరస సాంచాలూ ఆగాలి. వాటి గుడ్డల మీద ఆ గీత లేదు. నిమిషానికి 150 పోగులు వేసే సాంచా, అంగుళానికి 60 పోగులుండే గుడ్డ అనుకుందాం. నిమిషానికి రెండున్నర అంగుళాలు, గంటకు సుమారు 3.8 మీటర్లు నేస్తుంది. 19 మీటర్లంటే ఐదు గంటలు. ఏడింటికి ఐదు కలిపితే అర్ధరాత్రి.

లెక్క కుదిరింది. అయినా లెక్క ఒక్కటే ఉంటే అది పొడుపుకథ అవుతుంది. మల్లేశం సాంచాలన్నీ ఎందుకు ఆపాడు? నడుస్తుండగా వదిలేసి పోతే కండెలు అయిపోయి, పోగులు తెగి గుడ్డ పాడవుతుంది. ఇరవై ఏళ్లుగా పాడు గుడ్డ నేయని మనిషి. హత్య చేయడానికి వెళుతూ కూడా నేతను జాగ్రత్తగా ఆపి వెళ్లాడు. పనితనమే అతన్ని పట్టించింది. ఈ సంగతి తట్టిన రోజున కథ పూర్తయిందని నాకు నమ్మకం కలిగింది. ఆధారం, మనిషి స్వభావం, అతని కూలి బతుకు మూడూ ఆ గీతలోనే ఉన్నాయి.

రాసేటప్పుడు పాటించవలసినవి

మొదటిది, ముగింపు తేలకుండా మొదలుపెట్టొద్దు. నవలలో దారి తప్పినా వెనక్కి రావడానికి చోటుంటుంది. కథలో ఉండదు. ముందు ఆధారం, తర్వాత దాన్ని దాచే సన్నివేశం, ఆ తర్వాతే మొదటి వాక్యం.

రెండోది, పాత్రలు తక్కువ ఉండాలి. చిన్న కథలో ముగ్గురు, నలుగురికి మించి పాఠకుడికి గుర్తుండరు. అనుమానితుల గుంపును పెంచడం కంటే ఉన్న ఇద్దరిలో ఒకణ్ని నిర్దోషి అని గట్టిగా నమ్మించడం మంచి పద్ధతి.

మూడోది న్యాయం. 1929లో రోనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం పాఠకుడికీ దొరకాలన్నది వాటిలో ముఖ్యమైనది. చివరి పేరాలో హఠాత్తుగా కవల సోదరుణ్ని తెచ్చి నిలబెట్టడం పాఠకుణ్ని మోసం చేయడమే.

నాలుగోది చట్టం. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. ఆ తేదీ తర్వాత జరిగిన హత్యకు పాత శిక్షాస్మృతిలోని 302వ సెక్షన్ అని రాయకూడదు, 103 అని రాయాలి. పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో నిందితుడి మీద రుజువుగా చెల్లదని పాత సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. కొత్త సాక్ష్య చట్టంలో 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. ఇన్‌స్పెక్టర్ గద్దించగానే హంతకుడు కాళ్ల మీద పడి అన్నీ చెప్పేసే ముగింపులు మనకు చాలా ఉన్నాయి. అవి కోర్టులో నిలబడవు, కథగానూ నిలబడవు. ఒప్పుకోలు తీసేసినా నేరం రుజువయ్యేలా రాయగలిగితే ఆధారం గట్టిగా ఉన్నట్టు.

ఈ నాలుగూ ఎవరైనా సాధనతో పట్టుకోగలరు. ఐదోది ఊరిని తెలుసుకోవడం. సూరత్ వ్యాపారం నడిచేది నమ్మకం మీద. లక్షల విలువైన వజ్రాలు మడిచిన కాగితం పొట్లాల్లో చేతులు మారతాయి. అంగడియాలు నగదునూ వజ్రాలనూ ఊరి నుంచి ఊరికి చేరవేస్తారు. రింగ్‌రోడ్డు బట్టల మార్కెట్లో సరుకు అరువు మీద పోతుంది. అరువు సరుకు అమ్ముకుని దుకాణం మూసి మాయమయ్యే వ్యాపారిని ఉఠమణా చేశాడంటారు. అతను పెట్టిన బాకీ మెట్టుమెట్టుగా దిగి నేతగాడి కూలి దాకా వస్తుంది. వజ్రం సానపట్టేటప్పుడు బరువు తగ్గుతుంది, ఒక్కోసారి సగానికి పైగా. ఆ తరుగు మాటున దొంగతనం దాక్కోగలదు. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అందులో నూరో వంతు ఒక సెంటు. అంత చిన్న తేడా మీద ఒక కుటుంబం పరువు ఆధారపడి ఉంటుంది. ఇలాంటి చోట తుపాకీ మోత అక్కర్లేదు. నమ్మకం ఎక్కడ తెగిందో చూపిస్తే చాలు.

అచ్చుకు పంపేటప్పుడు

రాయడం ఒక ఎత్తు, అచ్చు వేయించుకోవడం మరో ఎత్తు. వారపత్రికల్లో చిన్న క్రైమ్ కథను పాఠకులకు అలవాటు చేసిన ఘనత చాలావరకు మల్లాది వెంకట కృష్ణమూర్తిది. అమెరికాలో 1941లో మొదలైన ఎల్లరీ క్వీన్ మిస్టరీ మ్యాగజైన్ ఇప్పటికీ ఈ కథల కోసమే నడుస్తోంది. మనకు అలాంటి పత్రిక ఇప్పుడు లేదు. 2020 కరోనా కాలంలో కొన్ని వారపత్రికలు ముద్రణ ఆపేశాక చోటు మరింత తగ్గింది. ఆదివారం అనుబంధాలు, మిగిలిన వారపత్రికలు, ఉగాది, దీపావళి పోటీలు, వెబ్ పత్రికలు, ఆడియో యాప్‌లు ఇప్పటి దారులు.

కొత్తగా రాసేవారికి ఒకటి రెండు సంగతులు. కథతోపాటు అది మీ సొంతమేనని, మరెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం జతచేయాలి. నేరకథలో ఎత్తుగడను పక్కవాడి నుంచి తీసుకుంటే పాఠకుడు వెంటనే పసిగడతాడు, కాబట్టి ఈ హామీని మనస్ఫూర్తిగా ఇవ్వగలగాలి. ఆడియోకో సినిమాకో కథ అడిగితే ఏ హక్కు, ఎంతకాలానికి ఇస్తున్నారో కాగితం మీద ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. గడువు రాయకపోతే ఐదేళ్లుగా లెక్కిస్తారు. చిన్న కథే కదా అని సంతకం పెట్టేయొద్దు.

సంపాదకులకు ఒక విన్నపం. నేరకథకు వేసే బొమ్మ, పైన పెట్టే రెండు వాక్యాల పరిచయం చాలా జాగ్రత్తగా చూడండి. రచయిత మూడు పేజీలు దాచిన రహస్యాన్ని ఒక్క బొమ్మ బయటపెట్టగలదు. ఈ కథలను పోటీల్లో మిగతా కథలతో సమానంగా చదవండి. మంచి నేరకథలో ఆర్థికం ఉంటుంది, కుటుంబం ఉంటుంది, చట్టం ఉంటుంది. పాఠకుడు చివరిదాకా చదువుతాడన్న భరోసా కూడా ఉంటుంది.

పాఠకులకు రెండో విన్నపం. 1997 ఫిబ్రవరిలో కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం తెలుగు కథ ఎక్కడ అచ్చయినా సేకరించి భద్రపరచాలనే పట్టుదలతో పనిచేస్తోంది. మీ అటక మీద పాత డిటెక్టివ్ మాసపత్రికలు, నేరకథలున్న వారపత్రికలు ఉంటే తూకానికి వేయకండి. అక్కడికి పంపండి. అలాగే మీరు సాంచా నడిపేవారైనా, బ్యాంకు కౌంటర్లో కూర్చునేవారైనా, మందుల షాపు చూసుకునేవారైనా మీ పనిలో బయటివారికి తెలియని చిన్న గుర్తులు పదైనా ఉంటాయి. వాటిలో ఒకదాన్ని పట్టుకుని ఒక నేరకథ రాయండి. తెలుగు నేరకథకు ఇప్పుడు కావలసింది మీలాంటి రచయితలే.