అతిథి స్మృతి : ఒక పారిభాషిక పదవిమర్శ

ఒక శాస్త్రము మన భాషలోనికి వచ్చునపుడు దానికంటె ముందుగా దాని పదములు వచ్చును. పదము కుదిరినచో సగము పాఠము చెప్పినట్లే. కుదరనిచో ఆ పదమే పాఠమునకు అడ్డు నిలుచును. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలసిన నాటినుండియు తెలుగున శాస్త్రము వ్రాయబూనిన ప్రతివారికిని ఈ చిక్కు ఎదురైనది. నేటి కంప్యూటరు శాస్త్రమున ‘గెస్టు మెమరీ’ యను మాట అట్టి చిక్కులలో నొకటి. మా పాఠశాలలో తెలుగు చదివి, ఇప్పుడు ఇంజనీరింగు చదువుచున్న విద్యార్థి యొకడు దీనిని ‘అతిథి స్మృతి’ యని తెలిగించి, సరియేనా యని నన్నడిగెను. వ్యాకరణమున దోషము లేదు. అర్థమున కలదేమో విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ముందు వస్తువును తెలిసికొందము. కంప్యూటరును నడుపు మూలకార్యక్రమమునకు ఆపరేటింగు సిస్టమని పేరు. యంత్రమంతయు తనదే యనుకొని అది పనిచేయును. ఒకే యంత్రముపై అట్టి వ్యవస్థలను రెండు మూడింటిని నడుపవలెనన్నచో, వాని క్రింద నుండి అందరికిని పంచిపెట్టు కార్యక్రమ మింకొకటి కావలెను. అదియే హైపర్‌వైజరు. ఇది నిన్న పుట్టిన తలంపు కాదు. 1967 నాటికే అమెరికాలో ఐ.బి.యం. సంస్థవారి కేంబ్రిడ్జి కేంద్రమున సి.పి.-40 అను కార్యక్రమము ఈ పని చేసెను. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అను నిరువురు పండితులు దీనికి మూడు లక్షణములు నిర్ణయించిరి. పైనున్న వ్యవస్థ వట్టి యంత్రముపై నడచినట్లే నడవవలెను; దాని ఆదేశములలో అధికభాగమును యంత్రమే నేరుగా నెరవేర్పవలెను; వనరులపై సంపూర్ణాధికారము హైపర్‌వైజరునకే యుండవలెను. పైవానికి తన యిల్లు తనదే యనిపింపవలెను, అధికారము మాత్రము క్రిందివాని చేత నుండవలెను. ఈ రెంటికిని పొత్తు కుదుర్చు ముఖ్యస్థానము స్మృతి నిర్వహణము.

స్మృతి యనగా వరుస సంఖ్యలు గల గడులు. గడి సంఖ్యయే దాని చిరునామా. సాధారణముగా 4,096 గడులు చేరి ఒక పుట యగును. ఒక వ్యవస్థకు 64 మెగాబైట్ల చోటిచ్చినచో 16,384 పుట లిచ్చినట్లు. అవి సున్నతో మొదలై వరుసగా నున్నవని ఆ వ్యవస్థ నమ్మవచ్చును. నిజమునకు యంత్రమున ఎక్కడెక్కడనో చెదరియుండవచ్చును. మన తమిళనాటి పట్టణములలో పలు ఇండ్ల గోడలపై ‘పాత నంబరు’, ‘క్రొత్త నంబరు’ అని రెండు సంఖ్య లుండుట మన మెరిగినదే. ఇంటివారు తమకు అలవాటైన సంఖ్యయే చెప్పుదురు. తపాలావాడు రెంటిని పోల్చి జాబు చేర్చును. హైపర్‌వైజరు ఉంచుకొను పుటల పట్టిక ఇట్టి పోలిక పట్టికయే. పైవ్యవస్థ తన కార్యక్రమములకై తానొక పట్టికను వ్రాసికొనును. దానికి క్రింద రెండవ పట్టిక యొకటి కలదని దానికి తెలియనక్కరలేదు.

పూర్వము ఈ రెండు పట్టికలను కలిపి ఛాయాపట్టిక నొకదానిని హైపర్‌వైజరే వ్రాసి, పైవ్యవస్థ తన పట్టికను దిద్దినపుడెల్ల దానిని కూడ సవరించుచుండెడిది. 2007లో ఏ.యం.డి., 2008లో ఇంటెల్ సంస్థలు రెండవ పట్టికను చదువు నేర్పును ప్రాసెసరునకే యిచ్చినవి. రిస్క్-ఫైవ్ అను బహిరంగ నిర్మాణమున ఈ సదుపాయము 2021లో ఆమోదము పొందినది. మన పొరుగున చెన్నపట్టణమున ఐ.ఐ.టి. మద్రాసువారు రూపొందించిన ‘శక్తి’ ప్రాసెసరులకు మూలము ఈ నిర్మాణమే. సౌకర్యమునకు వెల లేకపోలేదు. మూడేసి అంతస్తుల పట్టికలు రెండున్నచో, ఒక్క చిరునామా తేల్చుటకు పట్టికలనే 15 మారుల వరకు చదువవలసివచ్చును. నాలుగేసి అంతస్తులైనచో 24 మారులు. అందువలన ఒకమారు తేల్చిన ఫలితమును ప్రాసెసరు దగ్గర దాచుకొనును. పట్టిక మారినపుడు ఆ పాత ఫలితమును తుడిచివేయుమని హైపర్‌వైజరు మరువక చెప్పవలెను. లేనిచో జాబు పాత యింటికే పోవును.

ఇక ‘అతిథి’ యను మాట. వేలూరిలో సి.యం.సి. వైద్యశాల పరిసరములనున్న వసతిగృహములలో దూరప్రాంతములనుండి చికిత్సకై వచ్చి బసచేయువారు నిజమైన అతిథులు. తాము పరుల యింట నున్నామని వారెరుగుదురు. గది సంఖ్య యజమాని వేసినది. వెళ్లునపుడు తాళపుచెవి తిరిగి యిత్తురు. దానితో గది ఖాళీయైనదని యజమానికి తెలియును. హైపర్‌వైజరుపై నున్న వ్యవస్థ యిట్టిది కాదు. తన గదులకు సంఖ్యలు తానే వేసికొనును, తన వారికి తానే పంచిపెట్టును, ఒక పుట ఖాళీయైనచో ఆ సంగతి తన పుస్తకముననే వ్రాసికొనును. క్రిందివానికి కబురు చేయవలెనను ఊహయే దానికి లేదు. కనుక క్రిందినుండి చూచువానికి ఒకమారు ఇచ్చిన పుటలన్నియు ఎప్పటికిని నిండియున్నట్లే కనబడును.

ఈ చిక్కునకు వీయంవేరు సంస్థయందలి వాల్డ్‌స్పర్జర్ 2002లో ప్రకటించిన పరిశోధనపత్రమున ఒక ఉపాయము వర్ణితమైనది. దానికి ‘బుడగ’ యని పేరు. పైవ్యవస్థ లోపల చిన్న కార్యక్రమము నొకదానిని ఉంచుదురు. చోటు కావలసినపుడు హైపర్‌వైజరు దానికి సంజ్ఞ చేయును. అది ఇంటివారిలో ఒకరివలెనే తన వ్యవస్థను పుటలడిగి తీసికొని, వాని సంఖ్యలను క్రిందికి తెలుపును. హైపర్‌వైజరు ఆ పుటలను తీసి మరియొకరికిచ్చును. యజమానియై యుండియు ఇంత చుట్టుదారి యేల? ‘అతిథి’ యను మాటను నమ్మిన విద్యార్థికి దీనికి సమాధానము దొరకదు. అతిథిని గది ఖాళీచేయుమని అడుగవచ్చును గదా! ఏ గది ఖాళీయో ఇంటివారికి మాత్రమే తెలియునని గ్రహించినవానికి బుడగ యొక్క అవసరము వెంటనే బోధపడును. పదము తప్పినందున బోధ తప్పుట యనగా నిదియే.

‘స్మృతి’ యను మాటపై నాకంత ఆక్షేపణ లేదు. ఇచ్చట స్మృతి యనగా తలపు కాదు, చోటు. ఐనను ఒక విషయమున ఆ పేరు సార్థకము. ఒకరు వ్రాసినది మరియొకరు చెరుపువరకు పుటలో నిలిచియుండును. మిక్కిలి సులభమైన హైపర్‌వైజరు మొదటనే 16,384 పుటలను కేటాయించి ఊరకుండును. వ్రాయుట తేలిక, చోటు వృథా. కొంచెము మేలైనది మొదట ఏమియు ఇయ్యదు. పైవ్యవస్థ ఒక చిరునామాను తాకగానే ప్రాసెసరు పని ఆపి హైపర్‌వైజరును పిలుచును. ఆ చిరునామా కేటాయించిన హద్దులో నున్నచో ఒక పుటను తెచ్చి పట్టికలో చేర్చును. అది పరికరమునకు చెందినదైనచో పుట నీయక ఆ పరికరమువలె తానే నటించును. ఈ రెండును కానిచో దోషముగా నెంచును. రెండు పద్ధతులలోను పుటను ఇచ్చుటకు ముందు సున్నలతో కడుగవలెను. అట్లు చేయనిచో ఒకరి రహస్యములు మరియొకరు చదువుదురు. సులభమైన హైపర్‌వైజరులో ఎన్ని విడిచినను ఈ పని విడువరాదు.

మరి ‘అతిథి’కి బదులేమి? మన పెద్దల దస్తావేజులలో ‘ఫలానా గ్రామ కాపురస్థుడు’ అను మాట కలదు. నేల యెవరిదైనను కాపురము తనదిగా గలవాడు కాపురస్థుడు. ఈ భావమే ఇచ్చట కావలసినది. కావున ‘కాపురస్థ వ్యవస్థ’, ‘కాపురస్థ స్మృతి’ యనుట మేలని నా మనవి. లోకమంతట ‘గెస్టు’ అను వాడుక స్థిరపడియుండగా ఇది చెల్లునా యని కొంద రాక్షేపింపవచ్చును. ఆ మాటను విద్యార్థి ఆంగ్లమున నేర్చుకొనకతప్పదు, నేర్చుకొననిండు. తెలుగున చెప్పునపుడు మాత్రము తెలుగు పదము అర్థమునకు దారి చూపవలెను. కాపురస్థునికి తెలియకుండ ఇంటిని రాత్రికిరాత్రి వేరొకచోటికి మార్చుట లోకమున లేదు, హైపర్‌వైజరు మార్చగలదు. ఈ లోటును నేనంగీకరింతును. కాని ‘అతిథి’ దాచిన ముఖ్యసత్యమును ఈ పదము దాచదు.

ఈ పదము నాకు దోచుటకు మరియొక కారణము కలదు. 1911లో చిత్తూరు జిల్లా వేరుపడువరకు ఆ ప్రాంతమును మన వేలూరును ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో నుండెడివి. వేలూరు, గుడియాత్తములలో తరతరములుగా తెలుగు మాటాడు కుటుంబములను నేడు ఎవరైన అతిథులనినచో, వారు ఈ యిండ్లను వెలుపలినుండి మాత్రమే చూచినవారు. మన పిల్లలు ఇంట ఒక భాషలో లెక్క ఉంచుకొని వీథిలో వేరొక భాషలో దానిని చెప్పుచున్నారు. రెండు పట్టికలును చక్కగా నున్నంతవరకు ఏ జాబును దారి తప్పదు. ఇంటి పట్టికను వ్రాసికొనవలసినవారు ఇంటివారే. ఆ పట్టికకు మరియొక మాటను చేర్చినందుకు నన్నడిగిన విద్యార్థికి కృతజ్ఞుడను.