విజిల్ లేని వంటిల్లు

మా ఇంట్లో నాన్న చేసిన వంటింటి పని ఒక్కటే. హాల్లో కూర్చుని పేపరు చదువుతూ కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టటం. "మూడొచ్చాక కట్టెయ్యండి" అని చెప్పి అమ్మ స్నానానికో, డాబామీద బట్టలారెయ్యటానికో వెళ్ళేది. మూడో విజిల్‌కి ఆయన లేచి వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చేవారు. నలభై ఏళ్ళు దాటిన కాపురంలో వంటపని పంపకం అంతే. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, నాన్నకి వినికిడి బాగా తగ్గాక ఒకరోజు విజిల్స్ వినపడక, పప్పు మాడి, గాస్కెట్ కాలి, తెనాలిలో మా ఇల్లంతా పొగ కమ్మినప్పుడు నవ్వు రాలేదు. అమ్మ అప్పుడు పూజలో ఉంది. "నేనే చూసుకోవాల్సింది" అంది. తప్పెవరిదో తేల్చటానికి ఆవిడకి అరనిమిషం కూడా పట్టలేదు.

అన్నయ్య వెంటనే తీర్పు చెప్పాడు. ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ కొనేద్దాం, దానంతటదే ఆగిపోతుంది. అది అమ్మకి పనికొస్తుందా లేదా చూసే బాధ్యత నాకొచ్చింది. (సాహిత్యంలో డాక్టరేట్‌కీ కుక్కర్‌కీ సంబంధం ఏమిటని అడక్కండి. ఆడపిల్లకీ కుక్కర్‌కీ ఉన్న సంబంధం అందరికీ తెలిసిందే.) ఆరు లీటర్లది ఒకటి కొని, తెనాలి పంపే ముందు రెండు నెలలు హైదరాబాదులో నేనే వాడాను. దానితో వచ్చిన చిన్న పుస్తకాన్ని మాత్రం నాకు చేతనైన పద్ధతిలో, ఒక రచనని చదివినట్టే చదివాను.

ఆ రచనలో ఒకే పాత్ర ఉంది, 'మీరు'. ఆ 'మీరు'కి ఇంట్లో ఇంకెవరూ లేరు. దినుసులు వేస్తుంది, మూత పెడుతుంది, బటన్ నొక్కుతుంది, వెళ్ళి తన పని చూసుకుంటుంది. ఏరటం, కడగటం, నానబెట్టటం, మెదపటం, పోపు పెట్టటం, వడ్డించటం, తోమటం అనే క్రియలు ఆ పుస్తకంలో దాదాపు కనపడవు. బటన్ నొక్కటమే వంట. సమయం ఆదా అవుతుందని మూడుచోట్ల ఉంది. ఎవరి సమయమో, మిగిలింది ఎటు పోతుందో లేదు. భార్యని నిజంగా ప్రేమించేవాడు ప్రెస్టీజ్‌ని కాదనలేడు అనే అర్థం వచ్చే హిందీ ప్రకటనని అమ్మ తరం వింది. అందులో కనీసం ఒక భర్త ఉన్నాడు, ప్రేమకి రుజువుగా డబ్బు తీసేవాడిగానైనా. కొత్త పుస్తకంలో ఆయన కూడా మాయమయ్యాడు. ఇది స్త్రీ స్వతంత్రతకి గుర్తా, లేక వంట ఆమె ఒక్కదానిదే అనే మాట చెప్పనక్కర్లేనంత సహజమైపోయిందా? నాకు రెండోదే అనిపిస్తుంది.

ఈ వస్తువు వెనక మగవాళ్ళ చరిత్ర పొడుగ్గానే ఉంది. ఆవిరిని బంధించి ఎముకల్ని సైతం మెత్తబరిచే పాత్రని డెనిస్ పాపిన్ 1679లో లండన్‌లో చూపించాడు. ఉద్యోగం పోయిన ఇంజనీరు రాబర్ట్ వాంగ్ కెనడాలో మరికొందరితో కలిసి తయారుచేసిన ఇన్‌స్టంట్ పాట్ 2010లో మార్కెట్‌కి వచ్చింది. అమెరికాలోని మన తెలుగు ఇళ్ళల్లో పప్పు, సాంబారు దాంట్లోకి మారటం మా బంధువుల్లోనే చూశాను. అక్కడ అది నచ్చటానికి ఒక కారణం చప్పుడు లేకపోవటం. అపార్ట్‌మెంట్ గోడ అవతలివాళ్ళకి మన విజిల్ వింత.

కానీ ఆ చప్పుడు గురించే నేను ఎక్కువగా ఆలోచించాను. విజిల్ అంటే వంటింటి నుంచి బయటికి వినిపించే మాట. లోపల ఏం జరుగుతోందో హాల్లోవాళ్ళకి, పక్కింటివాళ్ళకి కూడా చెబుతుంది. అందుకే ఆ ఒక్క పనీ ఇంకొకళ్ళకి అప్పజెప్పటానికి వీలైంది. వంట తెలియనివాడికి కూడా మూడు లెక్కపెట్టటం వచ్చు. పైగా అది అమ్మ కొలత. కొత్త కందిపప్పుకి మూడు, పాతబడితే ఐదు, నీళ్ళు మారితే ఇంకోటి. ఏ పుస్తకమూ నేర్పలేదు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే'లో గృహిణి తన పేరు మర్చిపోతుంది. అమ్మ పేరు మర్చిపోలేదు గానీ, నిమిషాల్లో మాట్లాడే యంత్రం ముందు ఆవిడ కొలతభాష మూగబోతుందేమోనని నాకు బెంగ పట్టుకుంది.

అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' అనే పుస్తకం రాసింది. ఇంటిపనికి యంత్రాలు వచ్చినప్పుడు మొదట తగ్గింది మగవాళ్ళ, పిల్లల పనే అంటుంది. ఇనప పొయ్యి వచ్చి కట్టెలు కొట్టే భర్తకి శ్రమ తగ్గించింది, పొయ్యి ముందు నిలబడే భార్యకి కాదు. చదివినప్పుడు ఎంత బాగా చెప్పిందో అనుకున్నాను. ఇప్పుడు మళ్ళీ చదువుతుంటే మన ఇళ్ళకి అది సగమే సరిపోతుందనిపించింది. మన రోలు, తిరగలి, రుబ్బురోలు దగ్గర మగవాళ్ళు ఎప్పుడున్నారు గనక పోవటానికి? మా అమ్మమ్మ ఇంట్లో గ్రైండర్ వచ్చాక పని పోయింది పిండి రుబ్బటానికొచ్చే మనిషికి. ఆవిడ మా కులం కాదు, ఆవిడ కూలి గురించి మా ఇంట్లో ఎవరూ కథ రాయలేదు. మధ్యతరగతి వంటింటి విముక్తి గురించి రాసేటప్పుడు నాలాంటివాళ్ళం జారవిడిచే సంగతి ఇది. విమల గారి 'వంటిల్లు' కవితని క్లాసులో చెప్పేటప్పుడు, అందులో మా అమ్మని చూసినంత తేలిగ్గా రుబ్బురోలు దగ్గరి మనిషిని చూడలేకపోయాను. అది కవిత లోపం కాదు, నేను చదివిన పద్ధతి లోపం.

కోవన్ చెప్పినదాంట్లో మిగిలిన సగం మాత్రం అంకెల్లో కూడా తగులుతుంది. కేంద్ర ప్రభుత్వ కాల వినియోగ సర్వేలో 2019లో, జీతం లేని ఇంటిపని చేసినవాళ్ళలో స్త్రీలకి రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులకి 97 నిమిషాలు పట్టాయి. అసలు ఆ పని ముట్టుకున్న పురుషులే నూటికి 26 మంది. 2024లో ఆ అంకెలు 289, 88. అయిదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గితే మగవాళ్ళకి తొమ్మిది తగ్గాయి. కారణం యంత్రాలేనని నేననను. కానీ నాన్న మూడు విజిల్స్ ఆ తొమ్మిదిలో ఉన్నాయేమో అనిపించి కాసేపు ఆ కాగితం దగ్గరే ఆగిపోయాను.

సరే, వంట సంగతి. స్టవ్ మీది కుక్కర్‌లో చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనం, లోపల 121 డిగ్రీల వేడి ఉంటాయి. ఎలక్ట్రిక్ వాటిలో చాలావరకు 10 నుంచి 12 పౌండ్లే. అందుకని కాస్త ఎక్కువసేపు ఉడకాలి. పీడనం ఎక్కటానికి పదినిమిషాలు, దిగటానికి ఇంకో పది. పప్పు చేతికొచ్చేసరికి అరగంట దాటుతుంది. పొద్దున తొందరలో ఇది ఆదా కాదు. శనగలు, రాజ్మా, బొబ్బర్లు మాత్రం చక్కగా మెత్తబడతాయి, మాడవు. మంట లేదు కాబట్టి మే నెలలో పొయ్యి పక్కన ఉడికిపోనక్కర్లేదు. కుక్కర్ గిన్నెలు ఒకదానిమీద ఒకటి పెట్టి అన్నం, పప్పు ఒకేసారి వండొచ్చు. ఇడ్లీకి ఆవిరి వదిలెయ్యాలి, అప్పుడు దాని గడియారం నడవదు, మనమే టైము చూసుకోవాలి. పోపు దాంట్లోనే పెట్టొచ్చన్నారు; ఆవాలు చిటపటలాడేసరికి నాకు ఓపిక పోయింది. కరెంటు పోతే అన్నీ ఆగుతాయి. మూతలోని సిలికాన్ రింగు సాంబారు వాసన పట్టుకుని వదలదు, మర్నాడు పరమాన్నానికి ఇంగువ తగులుతుంది.

ఒంటరిగా ఒక గదిలో ఉండి చదువుకునే అమ్మాయికి మాత్రం ఇది వరమే. థీసిస్ రాసే రోజుల్లో, హాస్టల్ మెస్ మూసేశాక బిస్కెట్లతో పడుకున్న రాత్రుళ్ళలో ఇలాంటిదొకటి ఉంటే అనుకోకుండా ఉండలేను. అక్కడ 'మీరు' నిజంగానే ఒక్కరు. పుస్తకం రాసినవాళ్ళు ఆమెని ఊహించుకుని అదే 'మీరు'ని నలుగురున్న ఇంట్లోకి కూడా తెచ్చిపెట్టారు.

తెనాలి తీసుకెళ్ళాక తెలిసింది, నేను ఊహించని సమస్య ఇంకోటి ఉందని. బటన్ల మీద అంతా ఇంగ్లీషే. పప్పుకి బటన్ లేదు, సూప్‌కి ఉంది. ఇంతకాలం వండిన మనిషి ప్రతిసారీ "ఇది ఏది?" అని నాన్నని పిలవాల్సి వచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి చెప్పారు, కొంచెం సంతోషంగానే. వారం తిరక్కుండా ఆ యంత్రానికి ఆయన యజమాని అయిపోయారు, పని మాత్రం ఆవిడదే. నాకు ఒళ్ళు మండి బటన్ల మీద తెలుగు చీటీలు అంటిస్తానన్నాను. అమ్మ వద్దని తనే క్యాలెండర్ కాగితం చించి, రెండు మూడు సార్లు వండి చూసి, తన లెక్క రాసి గోడకి అంటించింది. 'శనగలు నానినవి 20. పప్పు పాతది 14. కొత్తది 10.' కింద బటన్ల బొమ్మ గీసి, నొక్కాల్సినదానికి చుక్క పెట్టింది.

నాన్నకి ఆ యంత్రం బీప్ వినపడదు, అంకెలు కనపడతాయి. "ఎంత చూపిస్తోంది?" అని అమ్మ అడిగితే లేచి వెళ్ళి చూసొస్తున్నారు. పొద్దుటి పప్పు మటుకు ఇంకా గ్యాస్ మీదే, విజిల్స్ అమ్మే లెక్కపెట్టుకుంటోంది, పూజ తర్వాతకి జరిపి. శనగలు, పెసలు, మధ్యాహ్నం అన్నం కొత్తదాంట్లో. పోయిన ఆదివారం ఫోన్‌లో ఇదంతా చెప్పింది. రబ్బరు రింగు ఎవరు కడుగుతున్నారని అడిగాను. "ఇంకెవరు?" అంది. నాన్నకి ఫోనివ్వమన్నాను. ఆయనకి వినపడదుగా అంది. స్పీకరు పెట్టమన్నాను.