సడలిన కీళ్ళు, సమకూడిన బలము

బలమనగానే లోకులకు స్ఫురించునది బిగువు. బరువెత్తబోవువాడు పండ్లు బిగించును. దెబ్బ కొట్టబోవువాడు పిడికిలితోపాటు మెడను, భుజములను గూడ బిగించును. భయపడినవాడు నిలువెల్ల కొయ్యబారును. దేహమునకు సహజమైన ఈ అలవాటును ఎదిరించి, సడలింపునందే బలమునకు మూలము కలదని నిశ్చయించి, ఆ నిశ్చయమును తరతరముల సాధనచేత నిరూపింపబూనిన యుద్ధవిద్యాసంప్రదాయమొకటి చీనాదేశమున వర్ధిల్లినది. తాయ్‌చీ యని ప్రపంచమంతట పేరొందిన తైజిచ్వాన్, దానితో సమానముగా ఎన్నదగిన శింగ్‌యీచ్వాన్, బాగ్వాజాంగ్ అను మూడు విద్యలును ఈ సంప్రదాయమునకు చెందినవే. వీనిని అంతర్బల విద్యలని వ్యవహరింతురు. ఉద్యానవనములలో వృద్ధులు ఉదయవేళ చేయు తేలికపాటి వ్యాయామముగా మాత్రమే తాయ్‌చీని ఎరిగినవారు, ఆ మందగతిలో ఎంతటి సూక్ష్మమైన దేహజ్ఞానము ఇమిడియున్నదో సాధారణముగా గుర్తింపరు. ఆ జ్ఞానమును యథాశక్తి విప్పి చెప్పుటకే ఈ వ్యాసము.

ఈ విద్యకు జన్మస్థానముగా ప్రసిద్ధి గాంచినది హేనాన్ రాష్ట్రమున, హొయాంగ్‌హో నదికి ఉత్తరమున, వెన్ మండలమునందలి చెన్‌జియాగౌ అను పల్లె. మింగ్ రాజవంశము కూలి మంచూలు రాజ్యమునకు వచ్చిన 17వ శతాబ్దమున, ఆ గ్రామవాసియైన చెన్ వాంగ్‌టింగ్ అను యోధుడు తానెరిగిన యుద్ధవిద్యలను, ప్రాణశక్తిని నడపు ప్రాచీన వ్యాయామములను మేళవించి దీనిని రూపొందించెనని చెన్ వంశీయులు చెప్పుదురు. చాలకాలము ఆ వంశమునందే నిలిచిన విద్య చెన్ చాంగ్‌శింగ్ (1771–1853) కాలమున పరులకు అందినది. హెబేయి రాష్ట్రమునందలి యోంగ్‌నియెన్ నుండి వచ్చిన యాంగ్ లూచాన్ (1799–1872) ఆయనయొద్ద ఏండ్ల తరబడి శుశ్రూష చేసి, విద్య గడించి, బీజింగ్ చేరి, అచ్చటి రాజకుటుంబీకులకు గురువయ్యెను. ఆయన మనుమడు యాంగ్ చెంగ్‌ఫూ (1883–1936) విశాలములై సమగతితో సాగు భంగిమలను స్థిరపరచి ఈ విద్యను సామాన్యజనులకు అందుబాటులోనికి తెచ్చెను. నేడు లోకము చూచుచున్న తాయ్‌చీలో అధికభాగము ఆయన తీర్చిన రూపమే. 1928 లో చెన్ ఫాకె (1887–1957) బీజింగ్ చేరి, మూలగ్రామపు పద్ధతిని, అందలి మెలికలను, ఉన్నట్లుండి విడుదలయగు బలమును చూపువరకు, ఆ మెత్తదనమునకు ఆవల మరియొక ముఖము కలదని నగరవాసులలో అనేకులకు తెలియదు.

సాధకుడు మొట్టమొదట నేర్వవలసినది చీనావారు సోంగ్ అని పిలుచు సడలింపు. నిద్రించువాని దేహమున కనబడు శిథిలత్వమునకును దీనికిని పొత్తు లేదు. అస్థిపంజరము చక్కగా నిలిచి బరువును తానే మోయుచుండగా, ఆ నిలుచుటకు అక్కరలేని కండరములన్నియు పని మానుకొనుటయే ఇచట సడలింపు. యాంగ్ చెంగ్‌ఫూ శిష్యులకు బోధించిన పది సూత్రములలో ముఖ్యమైనవి కొన్ని దీనికి సంబంధించినవే. నడినెత్తి తేలికగా పైకి లేచియుండవలెను, కాని మెడ బిగియరాదు. రొమ్ము విరుచుకొనక ఒకింత లోనికొదిగి, వీపు విశాలము కావలెను. భుజములు దిగవలెను, మోచేతులు నేలవైపు వ్రేలాడవలెను, నడుము వదులు కావలెను. తొడయు మొండెమును కలియు చోట, గజ్జలలో, తుంటికీళ్ళు తెరచుకొని ఎటు తిప్పిన అటు తిరుగుటకు సిద్ధముగా ఉండవలెను. గురువులు క్వా అని పేర్కొను ఈ తావు బిగిసియున్నంతసేపు కాళ్ళ బలము మొండెమునకు చేరదు. భుజమును సడలించుటకన్న తుంటిని సడలించుటయే కష్టమని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఏలయనగా పడిపోదుమను భయము దేహమున తిష్ఠవేసికొని కూర్చుండునది అచ్చటనే.

సడలింపువలన బలము పెరుగుటకు కారణము రహస్యమేమియు కాదు. ప్రతి కీలునకును ఎదురెదురుగా పనిచేయు కండరములు కలవు. మోచేతికి పైని, ముందువైపునున్న కండరము చేతిని వంచును, వెనుకవైపునున్నది చాచును. గ్రుద్దు విసరునపుడు పని చేయవలసినది వెనుకటిది. ఆవేశముచేతనో భయముచేతనో రెండును ఒక్కమారు బిగిసినచో, ఒకటి త్రోయుచుండగా వేరొకటి లాగుచుండును. శ్రమ హెచ్చును, వేగము తగ్గును. అంతకన్న పెద్ద నష్టము మరియొకటి కలదు. మానవదేహమున మిక్కిలి బలమైన కండరములు తొడలయందును, పిరుదులయందును కలవు. చేతి కండరములు వానితో పోల్చిన స్వల్పములు. పాదము నేలను అదుమగా నేల తిరిగి ఇచ్చు ఒత్తిడి, చీలమండ, మోకాలు, తుంటి, వెన్ను, భుజము, మోచేయి, మణికట్టు అను కీళ్ళను వరుసగా దాటి వ్రేళ్ళకు చేరినపుడు చేయి చేయు పనిలో దేహమంతయు పాల్గొనును. ఈ వరుసలో ఏ ఒక్క కీలు బిగిసినను బలము అచ్చటనే ఆగిపోవును. అటుపై పనిచేయునది ఒంటరి చేయి మాత్రమే. మన చేలలో పిట్టలను తోలువాడు త్రిప్పు వడిసెలను చూడుడు. దాని త్రాడు ఎటైనను వంగునది, కాని తెగునది కాదు. కనుకనే వాని కాలినుండి, నడుమునుండి పుట్టిన వేగము తరుగక రాతికి అందును. త్రాటికి మారుగా కొయ్యను పట్టించినచో రాయి అంత దూరము పోదు. కీళ్ళు వంగుటయు, వాని నడుమనున్న పొందిక తెగకుండుటయు ఈ రెండును కలసియుండుటయే అంతర్బలమునకు ఆధారము.

అందువలననే ఈ సంప్రదాయమువారు బలమును రెండు విధములుగా విభజింతురు. పుట్టుకతో వచ్చినదై, కండరమునకు కండరము విడివిడిగా చేయు మోటుబలమును లీ యందురు. సాధనచేత దేహమంతయు ఒకటై పలుకు బలమును జిన్ అందురు. మొదటిది యౌవనముతో వచ్చి వార్ధక్యముతో పోవును. రెండవది వయసుతోపాటు పరిపక్వమగునని వారి విశ్వాసము. ఆ విశ్వాసమున అతిశయోక్తి కొంత యున్నను సత్యమును కొంత కలదు. కండరము క్షీణించుచున్నను, దానిని ఎపుడు, ఎంత, ఏ క్రమమున వినియోగింపవలెనో ఎరిగిన వివేకము అంత త్వరగా క్షీణింపదు.

ఈ వివేకమును దేహమునకు బోధించు పద్ధతులలో మొదటిది నిశ్చలముగా నిలుచుట. శింగ్‌యీచ్వాన్ అభ్యసించి యీచ్వాన్ అను పద్ధతిని నెలకొల్పిన వాంగ్ శియాంగ్‌జాయి దీనినే తన బోధకు పునాదిగా చేసికొనెను. సాధకుడు పాదములను భుజముల వెడల్పున ఉంచి, మోకాళ్ళు ఒకింత వంచి, ఒక పెద్ద బంతిని రొమ్మునకెదురుగా పట్టుకొనినట్లు చేతులు గుండ్రముగా ఎత్తి నిలుచును. చూచువారికి ఇందు చేయునది ఏమియు కనబడదు. కాని కొలది నిమిషములు గడచునప్పటికి భుజములు మండును, తొడలు వణకును, ఊపిరి రొమ్మున చిక్కుకొనును. ఇచటనే పాఠము ప్రారంభమగును. భుజము మండుట అది ఎత్తుకొనియున్నదనుటకు గురుతు. దానిని దించిన తోడనే వీపు కొంత బరువును స్వీకరించును. తొడ అతిగా వణకుట మోకాలు ముందుకు జారినదనుటకు గురుతు. పిరుదులను కుర్చీపై కూర్చుండబోవునట్లు వెనుకకు దించినచో బరువు తుంటికి, మడమకు పంపకమగును. ఇట్లు ఒక్కొక్క బిగువును కనుగొని విడుచుచు పోగా, కొన్ని మాసములకు చేతులు తేలుచున్నట్లును, కాళ్ళు నేలలో పాతుకొనినట్లును అనుభూతి కలుగును. గురువు వచ్చి మెల్లగా మణికట్టుపై నొక్కి చూచును. ఆ ఒత్తిడి భుజమున ఆగినదో పాదమునకు దిగినదో ఆయనకు వెంటనే తెలియును.

రెండవది కదలిక. చెన్ సంప్రదాయమున దీనికి పట్టుదారము తీయుట యని పేరు. పట్టుకాయనుండి దారము తీయువాడు ఆగి ఆగి లాగినచో దారము చిక్కుపడును, త్వరపడినచో తెగును. కావున సమవేగముతో తీయవలెను. చెన్ శిన్ (1849–1929) ఈ మెలిబలమును వివరించుచు బృహద్గ్రంథము రచించెను. అది ఆయన మరణానంతరము 1933 లో వెలువడినది. అభ్యాసము చూచుటకు సులభమే. ఒక చేతిని కడుపునకెదురుగా ఉంచి, అరచేయి పైకి తిప్పుచు ఎత్తి, ప్రక్కకు తెరచి, మరల దించుచు వృత్తము గీయవలెను. చేయి తనంత తాను కదలరాదనుటయే ఇందలి నియమము. ఒక కాలినుండి రెండవ కాలికి బరువు మారుటచేత తుంటి తిరుగును. తుంటి తిరుగుటచేత నడుము, నడుమువలన భుజము, భుజమువలన చేయి తిరుగును. ఏ భాగమును ముందు పరుగెత్తరాదు, ఏ భాగమును వెనుకబడరాదు. ఇంత నెమ్మదిగా ఏల చేయవలెనని క్రొత్తవారు ప్రశ్నింతురు. వేగముగా పోవుచేయి తన లోపములను తానే దాచుకొనును. నెమ్మదిగా పోవునపుడు ఎచట అతుకు తప్పినదో, ఎచట భుజము తుంటి చేయవలసిన పనిని దొంగిలినదో బయటపడును.

మూడవది పరీక్ష. దీనికి తుయ్‌షౌ, అనగా చేతులు త్రోయుట, అని పేరు. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి, మణికట్లు తాకించి, ఆ తాకిడి తప్పకుండ వృత్తాకారముగా ఒకరినొకరు త్రోయుచు, తప్పించుకొనుచు ఉందురు. త్రోయువాని బలము రొమ్మువైపు వచ్చుచుండగా, రెండవవాడు దానిని ఎదిరింపడు, పారిపోడు. తాకిన చోటు వీడక, తుంటిని తిప్పి, ఆ బలము తన ప్రక్కగా పోవునట్లు దారి ఇచ్చును. త్రోసినవాడు ఒక అంగుళము ఎక్కువ వచ్చెనా, వాని తూకము తప్పును. అపుడు స్వల్పమైన త్రోపు చాలును. ఇందు ప్రధానమైన నేర్పు ఎదుటివాని బలమును స్పర్శచేత వినుట. సడలిన చేతికే ఈ వినికిడి కలుగుటకు హేతువును 19వ శతాబ్దమున జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎర్న్‌స్ట్ వేబర్ చేసిన పరిశోధనలనుండి గ్రహింపవచ్చును. పెద్దబరువు మోయుచున్న చేతికి చిన్నబరువు చేరిన తెలియదు. తేలికగా ఉన్న చేతికి ఆ చిన్నబరువే స్పష్టముగా తెలియును. తన కండరములలో తానే కోలాహలము రేపుకొనినవానికి ఎదుటివాని సంచలనము వినబడదు. యాంగ్ వంశీయుల అరచేతిపై వ్రాలిన పిచ్చుక, ఎగురుటకు కాలూనబోయినపుడెల్ల చేయి అంతే దిగిపోవుటచేత ఎగురలేకపోయెనను కథ ఈ నేర్పును కొనియాడుటకు పుట్టినదే.

విని, దారి మళ్ళించి, ఎదుటివాడు తూకము తప్పిన క్షణమున బలమును విడుచుట చివరి ఘట్టము. దీనిని ఫాజిన్ అందురు. అంతవరకు మెత్తగా ఉన్న దేహము లిప్తకాలము ఏకమై, పాదమునుండి పుట్టిన ఒత్తిడి చేతికి చేరి, పని ముగిసిన తోడనే మరల సడలును. బిగువునకు ఈ విద్యలో స్థానము కలదు. అది తాకు క్షణమునకు మాత్రమే పరిమితము.

ఈ సంప్రదాయమును ప్రేమించువారు దానిని కప్పిన పొగమంచును గూడ తొలగింపవలెను. తాకకయే మనుష్యులను పడద్రోతుమని చెప్పుకొనువారి ప్రదర్శనలు శిష్యుల భక్తివలన సాగునవే గాని బలమువలన సాగునవి కావు. 1954 జనవరిలో మకావులో తాయ్‌చీ గురువైన వూ గోంగ్‌యీకిని, శ్వేతక్రౌంచ విద్యలో ఆరితేరిన చెన్ కెఫూకిని జరిగిన పోటీ జయాపజయములు తేలకయే ముగిసినది. ఆ పోటీ చలనచిత్రమును చూచినవారికి అద్భుతములేవియు కనబడవు. తొట్రుపాటుతో కూడిన గ్రుద్దులే కనబడును. ఆవేశము ముంచెత్తిన వేళ దేహము తన పాత బిగువునకే మరలునని, ఆ వేళకు సైతము సడలింపు నిలువవలెనన్న ఎదిరించువానితో నిత్యసాధన అవసరమని దీనినుండి గ్రహింపవలెను. మెత్తదనము పేరిట భుజములు వ్రేలవేసి, నడుము వాల్చి, పొందికను పోగొట్టుకొనుటయు దోషమే.

ఈ విద్య విలువ పోరుతోనే ముగియదు. కీళ్ళ తూకమును, పాదముల నిలుకడను సాధించు విద్య వృద్ధులకు మేలు చేయుట సహజము. అమెరికాలోని ఓరెగాన్‌లో పార్కిన్సన్ వ్యాధిగ్రస్తులు 195 మందిపై జరిపి 2012 లో ప్రకటించిన పరిశోధనలో, ఆరు నెలలు తాయ్‌చీ అభ్యసించినవారికి, కేవలము అవయవములు సాచు వ్యాయామము చేసినవారికన్న నిలుకడ మెరుగుపడి, పడిపోవుట తగ్గినట్లు తేలినది. 2020 లో యునెస్కో తైజిచ్వాన్‌ను మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది.

వీనికన్న మిన్నయైనది దీని శిక్షణలోని నీతి యని నా దృఢవిశ్వాసము. ఈ విద్య క్రొత్తబలమును తెచ్చిపెట్టుటకు ముందు మనలో వృథాగా పోవు బలమును చూపించును. ఎదుటివానిని జయించుటకు ముందు మన భయమును మనకు పట్టిచ్చును. ఇందు ఎవరును మోసము చేయలేరు. బిగిసిన భుజము అబద్ధమాడదు. కావున దీనిని అభ్యసింపగోరు పాఠకులకు నా మనవి యిది: భంగిమలు ఎన్ని వచ్చునో లెక్కించుకొనుటకు తొందరపడక, చేతితో తాకి తప్పు దిద్దగల గురువును వెదకి, మొదట నిలుచుట నేర్వుడు. నిలుచుట వచ్చినవానికి తక్కినవన్నియు కాలక్రమమున వచ్చును. అది రానివానికి నూరు భంగిమలు వచ్చినను విద్య రానట్లే.