తేలిక డేటాబేసులు: గుణదోష విచారణ

ప్రొద్దుటూరులోని ఒక నగల అంగడిలో చిట్టా ఒకటే అనుకొందాము. చూచేవారు పలువురు, ఒక వేళకు వ్రాసే గుమాస్తా ఒక్కడే. 2000లో రిచర్డ్ హిప్ నిర్మించిన ఎస్‌క్యూలైట్ పద్ధతి ఇదే. దీనికి వేరే సర్వరు అక్కరలేదు. ఖాతా అంతా ఒక్క ఫైలు. ఆండ్రాయిడ్ ఫోనులలో నున్నదీ ఇదే. పాఠశాల మార్కుల పట్టీకి ఇది చక్కని సాధనము.

అయితే లోపములు లేకపోలేదు. అంకెల గడిలో 'డెబ్బది' అని అక్షరాలతో వ్రాసినా ఇది మారుమాటాడక స్వీకరించును. 2021లో వచ్చిన 'స్ట్రిక్ట్' పట్టికలను కోరి పెట్టుకొన్ననే నిరాకరించును.

దీనిపై కట్టిన ఆర్‌క్యూలైట్ ఒకే ఖాతాను పలు యంత్రాలలో నిలుపును. అందుచే వ్రాత వేగము పెరుగుననుట భ్రమ. ప్రతి వ్రాతకూ యంత్రాలలో సగానికి మించినవాటి సమ్మతి కావలెను గనుక వేగము తగ్గును. మూడింట ఒకటి చెడినా ఖాతా నడచుటయే దీని లాభము. 2022లో చీలివచ్చిన లిబ్‌ఎస్‌క్యూఎల్ బయటివారి చేర్పులను ఆహ్వానించును. మూలమున సామాన్యముగా అది లేదు.

ఒక బడి, ఒక కంప్యూటరు అయితే ఎస్‌క్యూలైట్ చాలును. జమ్మలమడుగు, పులివెందుల బడులు కూడ తమ తమ కంప్యూటర్ల నుండి నేరుగా, ఒకేసారి వ్రాయవలసివస్తే పోస్ట్‌గ్రెస్ వంటి సర్వరే తగినది. ఏకకాలమున వ్రాసేవారి సంఖ్యయే ఈ ఎంపికకు గీటురాయి.