జూన్‌లో బడికి ఎవరు రారు?

వేసవి సెలవులయ్యాక ఎవరు బడికి రాలేదో హెడ్మాస్టరుకు జూన్‌లో తెలుస్తుంది. అప్పటికి కొందరు పిల్లలు పనుల్లో కుదిరిపోయి ఉంటారు, కొందరు ఆడపిల్లలకు పెళ్లి ఖాయమైపోయి ఉంటుంది. అందుకే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, మైక్రోసాఫ్ట్‌తో కలిసి, ఎవరు మానేసే అవకాశముందో ముందే లెక్కకట్టించింది. 2018-19 విద్యాసంవత్సరానికి ఒక్క విశాఖపట్నం జిల్లా సర్కారు బడుల్లోనే సుమారు 19,500 పేర్లు తేలాయి. లెర్నింగ్ అనలిటిక్స్ అని పిలిచే విద్యకు మన నేల మీద ఇంతకంటే మంచి నమూనా నాకు కనబడలేదు.

ఆ పనితనం తెలియాలంటే అది ఏమేం అడిగిందో చూడాలి. ఆడపిల్లా మగపిల్లాడా, ఇంటి స్థితిగతులేమిటి, మార్కులెన్ని అన్నవి ఎవరైనా అడిగేవే. వాటి పక్కనే బడి వసతులనూ టీచర్ల నైపుణ్యాన్నీ కూడా చేర్చారు. అసలు నేర్పు ఇక్కడుంది. ఎనిమిదో తరగతి అమ్మాయి పేరు జాబితాకెక్కడానికి ఆమె లెక్కల మార్కులే కారణం కానక్కరలేదు. బడిలో మరుగుదొడ్డి లేకపోవడం కావచ్చు. అప్పుడు జవాబు చెప్పుకోవలసింది ఆ అమ్మాయి కాదు, విద్యాశాఖ.

ఈ ఎంపిక ఎంత సరైనదో తరవాత వేరేచోట బయటపడింది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం దాదాపు పదేళ్లు నడిపిన ఇలాంటి హెచ్చరిక వ్యవస్థను పరిశోధకులు 2023లో పరీక్షించారు. పిల్లల వివరాలు ఒక్కొక్కటిగా తవ్వనక్కరలేదు, బడినీ పరిసరాలనూ చూసినా సాయం ఎక్కడ కావాలో దాదాపు అంతే బాగా తెలుస్తుందని తేల్చారు.

ఇక మిగిలిన పని కష్టమైనది. జాబితా చూసి టీచరు ఇంటికెళ్లి మాట్లాడి, పిల్ల బడికొచ్చిందనుకుందాం. కాగితం మీద జోస్యం తప్పినట్టే! మేలు జరిగిందని ఎలా రుజువు చేయాలి? అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం విద్యార్థులకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దీపాలతో హెచ్చరికలిచ్చింది. రెండు, అంతకు మించిన కోర్సుల్లో ఆ దీపాలు చూసినవారే చదువులో ఎక్కువగా నిలిచారని చెప్పుకుంది. 2013లో విమర్శకులు మెలిక పట్టేశారు: చదువులో నిలిచారు కాబట్టే వాళ్లు అన్ని కోర్సులు తీసుకోగలిగారు.

దీనికి విరుగుడు మనకు కొత్త కాదు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆంధ్రప్రదేశ్‌లోనే 500 బడులను చీటీ వేసినట్టు విడదీసి, టీచర్లకు బోనస్ ఇస్తే చదువు పెరుగుతుందేమో చూశారు. ఆ వ్యాసం 2011లో అచ్చయింది. అదే పద్ధతిలో జాబితాను కొన్ని మండలాలకు ముందూ, మిగతావాటికి మరుసటేడూ పంపితే తేడా తేలుతుంది.

ఆ జాబితా ఎవరి కంట పడాలన్నదీ అంతే ముఖ్యం. "ఇది ఎలాగూ మానేసే పిల్ల" అనే ముద్ర ఒకసారి పడితే పోదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి నడవడిని వెంటాడి గమనించకూడదంటోంది. విద్యాసంస్థలకు ఎంత మినహాయింపు ఉండాలో జాగ్రత్తగా తూచాలి.

పాత విశాఖ జిల్లా 2022 ఏప్రిల్‌లో మూడు ముక్కలైంది. పాడేరు కొండల్లోని బడికీ నగరంలోని బడికీ ఒకే లెక్క పనికొస్తుందా అన్నది ముందు అక్కడే తేల్చుకోవాలి.