చేప పేరు నోట్లో ఉంటుంది

మైలవరం జలాశయం గట్టున గాలం వేసి కూర్చున్నవాణ్ణి దారిన పోయేవాళ్లు అడిగేది ఒక్కటే: "ఏం పడిందన్నా?" జవాబు తేలికే అనిపిస్తుంది. తల పెద్దదైతే బొచ్చె, ఒళ్లు ఎర్రగా ఉంటే శీలావతి, తెల్లగా సన్నగా ఉంటే మోసు. బజారులో కట్ల, రోహు, మ్రిగాల అని అమ్మేవి ఈ మూడే. చాలా ఏళ్లు నేనూ అలాగే చెప్పాను. ఒక వానాకాలం గాలానికి తగిలిన చేప ఆ అలవాటు మాన్పించింది. వెన్ను బొచ్చెలా గూనిగా లేచి ఉంది. తల మాత్రం బొచ్చెది కాదు, చిన్నది. పొలుసుల మీద శీలావతి ఎరుపు, కింది పెదవికి కుచ్చు ఉన్నట్టూ లేనట్టూ. ఆ రోజు అడిగినవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. అది వెతుక్కుంటూ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మన నీళ్ల సంగతి చెప్పాలి. పెన్న ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. ప్రొద్దుటూరు దగ్గర ఎండాకాలంలో ఏరు దాటడానికి పంచె ఎగగట్టాల్సిన పని ఉండదు. చేప బతికేది మడుగుల్లో. జమ్మలమడుగు పేరులోనే మడుగు ఉంది. ఇలాంటి కరువు సీమలో చేపల రకాలు కలిసిపోయేంత నీళ్లు ఎక్కడివని అడగొచ్చు. ఇప్పుడు మన నీళ్లు ఒక్క పెన్నవి కావు. శ్రీశైలం దగ్గర పోతిరెడ్డిపాడులో బయల్దేరిన కృష్ణ నీళ్లు గోరకల్లు, అవుకు మీదుగా గండికోటకు చేరుతున్నాయి. అక్కడి నుంచి ఎత్తిపోతలతో పులివెందుల వైపు పైడిపాలెం, చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్లకు ఎక్కుతున్నాయి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి 1860లలో తవ్విన కేసీ కాలువ ప్రొద్దుటూరు వైపు పొలాలను ఎప్పటి నుంచో తడుపుతోంది. నీళ్లు వచ్చిన దారినే చేపపిల్లా వస్తుంది. అది చాలదన్నట్టు హేచరీల్లో పుట్టిన పిల్లలను తెచ్చి జలాశయాల్లో వదులుతారు. కాబట్టి చిత్రావతి రిజర్వాయరు గట్టున మీ గాలానికి తగిలిన చేప పుట్టిల్లు పెన్నా కావచ్చు, కృష్ణా కావచ్చు, కైకలూరు వైపు ఏదో సిమెంటు తొట్టీ కావచ్చు.

రెండు జాతులు కలిసి పుట్టిన చేపే సంకరం. అది ఎక్కువగా పుట్టేది ఆ తొట్టిలోనే. బొచ్చె, శీలావతి, మోసు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వాన పడాలి, నీరు పారాలి. అందుకే ఒకప్పుడు చేపపిల్ల కావాలంటే నదుల్లో వరద రోజుల్లో వలవేసి పట్టుకోవడమే దారి. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి పిట్యూటరీ గ్రంథి రసం సూదితో ఎక్కించి ఈ చేపల చేత గుడ్లు పెట్టించారు. దేశంలో చేపల పెంపకం దశ తిరిగింది ఆ రోజునే. జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుకొనేది అందుకే. ఆ విద్య చేతికి రాగానే కటక్‌లో శాస్త్రవేత్తలు బొచ్చెనూ శీలావతినీ కలిపి చూశారు. బొచ్చె ఒడ్డూ పొడవూ ఉండి తల చిన్నదైతే మాంసం ఎక్కువ వస్తుందని వాళ్ల ఆశ. అనుకున్నట్టే వచ్చింది. ఈ జాతులన్నిటికీ క్రోమోజోములు 50 చొప్పునే. అందువల్ల కలిసినప్పుడు పుట్టిన పిల్లలు గొడ్డుపోవు, అవీ గుడ్లు పెడతాయి.

శాస్త్రవేత్త తెలిసి చేసింది కొన్ని హేచరీల్లో తెలియక జరుగుతుంది. ఈ చేపల గుడ్లు నీటిలోనే ఫలదీకరణం చెందుతాయి. సూది వేసిన రెండు జాతుల తల్లులనూ మగ చేపలనూ ఒకే గుండ్రటి తొట్టిలో వదిలితే ఎవరి గుడ్డు ఎవరి వీర్యంతో కలిసిందో చెప్పగలిగేవాడు లేడు. వేలెడు పొడవు పిల్లలో తేడా కంటికి ఆనదు. అది జలాశయానికి వచ్చి, పెరిగి, గాలానికి తగిలినప్పుడు మొదటిసారి చేతిలోకి తీసుకొని చూసేది మనమే.

ఎలా చూడాలి? రంగు చూడకండి, అది నీటిని బట్టి మారుతుంది. మట్టి నీళ్లలో పెరిగిన శీలావతి పాలిపోతుంది, గండికోట లోయ లోతు నీళ్లలోది ముదురుతుంది. బరువూ చూడకండి. మొదట నోరు చూడండి. చేతులు తడుపుకొని చేపను అడ్డంగా పట్టుకోవాలి. పొడి చేతులతో పడితే ఒంటి మీది జిగురు ఊడి, వదిలిపెట్టినా రోగం తగులుతుంది.

బొచ్చె నోరు ఆకాశం వైపు తిరిగి ఉంటుంది. కింది దవడ ముందుకు వస్తుంది, కింది పెదవి మందం, మీసం ఉండదు. శీలావతికి ముక్కు కొన నోటి మీదికి కాస్త ముందుకొచ్చి, నోరు కిందికి ఒదిగి ఉంటుంది. పెదవులకు చీర కుచ్చుల్లాంటి అంచు ఉంటుంది. నోటి మూలల్లో వేలితో తడిమితే తప్ప దొరకని రెండు చిన్న మీసాలుంటాయి. మోసుకు మూతి మొద్దు, నోరు వెడల్పు, పై పెదవి కుచ్చు లేకుండా నున్నగా ఉంటుంది. దాని రెండు పొట్టి మీసాలూ నోటి మూలల్లో కాక మూతి మీద ఉంటాయి. నల్లగా ఉండే కాల్బాసుకు నాలుగు మీసాలు. బంగారుతీగకూ నాలుగే, కానీ దాని వెన్నురెక్క వీపంతా పరుచుకొని ఉంటుంది, మొదటి ముల్లుకు రంపం పళ్లుంటాయి.

నోరు ఎటు తిరిగి ఉందో చేప తిండీ అటే. బొచ్చె నీటి పైపొరలో తిరుగుతూ కంటికి కనిపించనంత చిన్న ప్రాణులను వడకట్టుకొని తింటుంది. శీలావతి నడిమి నీళ్లలో, మోసు అడుగున మేస్తాయి. గాలం వేసేవాళ్లు బెండును టంగూసు దారం మీద ఎక్కడ కట్టాలో నిర్ణయించుకునేది ఈ లెక్కతోనే. ఎర అడుగున ఆనితే మోసు, జానెడు పైకి లేపితే శీలావతి. నోరు చూసి జాతి చెప్పడం, బెండు జరిపి జాతిని పిలవడం ఒకే విద్యకు రెండు వైపులు.

నోటి తర్వాత వెన్నురెక్క. దాన్ని మెల్లగా విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే కొబ్బరాకు ఈనెల్లాగా సన్నటి పుల్లలు కనిపిస్తాయి. ముందున్న మొద్దు ఈనెలను వదిలి, కొసన చీలినవాటిని లెక్కపెట్టాలి. బొచ్చెకు 14 నుంచి 16, శీలావతికి, మోసుకు సాధారణంగా 12 లేదా 13 ఉంటాయి. ఈ లెక్క కొత్తది కాదు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1875–78 మధ్య ప్రచురించిన 'ది ఫిషెస్ ఆఫ్ ఇండియా'లో ప్రతి చేపకూ ఈనెలు, పొలుసులు లెక్కగట్టి రాశాడు. అంతకు కొద్దిగా ముందే, 1873లో, మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ గాలం వేసేవాళ్ల కోసం 'ది రాడ్ ఇన్ ఇండియా' రాశాడు. ఈ లెక్కలను తెలుగులో, మన చేపల పేర్లతో, గట్టు మీద జేబులో పెట్టుకొనే చిన్న పుస్తకంగా ఎవరైనా వేయాలని నా కోరిక.

చేపను తినడానికే పట్టుకుంటే మొప్ప మూత ఎత్తి లోపల కూడా చూడండి. బొచ్చె మొప్పల లోపలి జల్లెడ పళ్లు పొడవుగా, దువ్వెన కంటే సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. శీలావతివి పొట్టివి. సంకరానివి నడిమి రకం.

నడిమి అన్న మాటే అసలు గుర్తు. బొచ్చె-శీలావతి సంకరంలో నోరు పైకీ తిరగదు, కిందికీ ఒదగదు, సూటిగా ముందుకు ఉంటుంది. పెదవి కుచ్చు సగం అరిగినట్టు ఉంటుంది. తల బొచ్చె కంటే చిన్నది, ఒళ్లు శీలావతి కంటే ఎత్తైనది. అయితే ఒక్క గుర్తును పట్టుకొని తీర్పు చెప్పకూడదు. తిండి చాలని గుంటలో ఒళ్లు చిక్కిన బొచ్చెకు తల ఇంకా పెద్దదిగా కనబడుతుంది. బాగా మేసిన శీలావతికి వెన్ను గూని కడుతుంది. ఇవి రెండూ అసలు జాతులే, సంకరాలు కావు. నేను చూసినంతలో గట్టు మీద "హైబ్రిడ్" అని పేరు పెట్టినవాటిలో చాలావరకు ఇలాంటివే. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో గీటురాయి మీద నగను గీసేవాళ్లు ఆ గీతను ఒంటరిగా చూడరు, తెలిసిన మేలిమి గీత పక్కన పెట్టి చూస్తారు. చేప విషయంలోనూ అంతే. వంద అసలు శీలావతుల నోళ్లు చూసిన కంటికి నూటొకటోది తేడాగా ఉంటే తెలుస్తుంది. నోరు, పెదవి, మీసం, తల, వెన్ను అన్నీ నడిమి రకమనే చెబితే అప్పుడు సంకరం అనండి.

ఈ కంటికి ఒక హద్దుంది. నడిమి పోలిక స్పష్టంగా ఉండేది మొదటి తరంలోనే. ఆ సంకరం మళ్లీ అసలు శీలావతితో కలిస్తే పుట్టే పిల్ల శీలావతిలాగే ఉంటుంది. అక్కడి నుంచి తేల్చాల్సింది డీఎన్‌ఏ పరీక్ష. లక్నోలోని జాతీయ చేపల జన్యువనరుల సంస్థ లాంటి చోట్ల ఆ పని జరుగుతుంది. ఇంకో పొరపాటూ ఉంది. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ తయారుచేసిన జయంతి రోహు త్వరగా ఎదుగుతుంది కాబట్టి దాన్నీ హైబ్రిడ్ అంటుంటారు. కాదు. మంచి శీలావతులను తరాల తరబడి ఏరి పెంచిన శీలావతే అది.

బొచ్చె, శీలావతి కుటుంబం కానివాటి సంగతి రెండు ముక్కల్లో. తిలాపియాలో మొజాంబిక్ జాతిని 1952లో మన దేశానికి తెచ్చారు, నైలు జాతి తర్వాత వచ్చింది. నైలు తిలాపియా తోకరెక్క నిండా నిలువు చారలు వరుసగా ఉంటాయి, మొజాంబిక్‌కు ఉండవు. చారలు తెగితెగి, అక్కడక్కడా ఉంటే రెండూ కలిసిందని అనుమానించండి. మన మార్పు చేప పేరుతో దొరికే ఆఫ్రికా క్యాట్‌ఫిష్ విషయంలో మరీ జాగ్రత్త కావాలి. తల వెనక పుర్రె ఎముక కొన మార్పుకు సన్నగా, కోసుగా ఉంటుంది, ఆఫ్రికా దానికి వెడల్పుగా ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2000లోనే దాని పెంపకాన్ని నిషేధించింది. అది కనబడ్డ చేపనల్లా మింగుతుంది.

ఇంత చూడడం ఎందుకు, కూరలో అన్నీ ఒకటే కదా అనేవాళ్లున్నారు. కూరలో ఒకటే కావచ్చు, చెరువులో కాదు. పై నీళ్లకు బొచ్చె, నడిమికి శీలావతి, అడుగుకు మోసు అని మూడు అంతస్తులుగా లెక్కవేసి రైతు పిల్లను వదులుతాడు. సంకరం వస్తే ఆ లెక్క తప్పుతుంది. ఒక అంతస్తులో తిండి మిగిలిపోతుంది, ఇంకో అంతస్తులో చేపలు కొట్లాడుకుంటాయి. అంతకంటే పెద్ద నష్టం వరదలో జరుగుతుంది. చెరువు తెగి ఆ చేప పెన్నలో పడి, నదిలో మిగిలిన అసలు జాతితో కలిస్తే దాన్ని మళ్లీ విడదీయలేం. ఆ మార్పును మొదట పసిగట్టగలిగేది ఏళ్ల తరబడి వలతో, గాలంతో ఇవే నీళ్లను చూస్తున్న బెస్తవాళ్లు. జలాశయాల్లో చేపల హక్కు ఉన్న మత్స్యకార సంఘాల్లో ఈ చూపున్న పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్ల చూపును రాసిపెట్టుకోకపోతే ఆ తరంతోనే పోతుంది.

అందుకే నా విన్నపం. సంఘం అనుమతితోనే గాలం వేయండి. నడిమి పోలిక చేప పడితే దాన్ని ఇంకో చెరువులో వదలకండి, తల్లిచేపగా ఎవరికీ ఇవ్వకండి. నోరు ఒక పక్క నుంచి, ముందు నుంచి, వెన్నురెక్క విప్పి, మూడు ఫోటోలు తీయండి. తేదీ, నీళ్ల పేరు, పొడవు రాయండి. ఆ కాగితం మీ దగ్గరి మత్స్యశాఖ కార్యాలయంలో ఇవ్వండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.