వాల్వు ఎక్కడుందో చెప్పండి

సంక్రాంతి సెలవులకు ఊరి నుంచి చుట్టాలొస్తే ఢిల్లీ తెలుగువాళ్ల కారు మథుర దారి పట్టాల్సిందే. మొన్న జనవరిలో మా పెద్దమ్మ, పెదనాన్న తెనాలి నుంచి వచ్చారు. పొద్దున ఆరింటికి మయూర్ విహార్‌లో బయల్దేరి, గ్రేటర్ నోయిడా దగ్గర యమునా ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాం. ముందు బండి ఎర్ర లైట్లు తప్ప ఇంకేమీ కనపడనంత మంచు. జేవర్ టోల్‌గేటు రాకముందే స్పీడు మీటరు పక్కన పసుపుపచ్చ లైటు వెలిగింది. గుర్రపు నాడా లాంటి బొమ్మ, దాని నడుమ ఆశ్చర్యార్థకం.

“అదేందిరా, ఆయిలు అయిపోయిందా?” అన్నారు పెదనాన్న.

“కాదు పెదనాన్నా. టైర్లో గాలి తగ్గింది.”

“లోపల కూచున్నోడికి ఎట్టా తెలిసింది?”

ఆయన ముప్ఫై ఏళ్లు లారీ తోలిన మనిషి. బండి ఆపగానే క్లీనరు రాడ్డు పట్టుకుని దిగి, టైర్లన్నిటి మీదా ఒక్కో దెబ్బ వేసుకుంటూ పోవాలి. ఠంగుమంటే గాలి సరిగా ఉన్నట్టు, దబ్బుమంటే దిగినట్టు. జంట టైర్లలో లోపలిది పంచరైనా ఆ మోతే పట్టిచ్చేది. అలాంటి చెవి ఉన్న మనిషికి ఈ లైటు సంగతి ఒక్క మాటలో చెప్పలేకపోయాను. టోల్‌గేటు దగ్గర ఆపి, టైర్లు చల్లారాక గేజి పెడితే మూడు టైర్లలో 29, వెనక ఎడమ దాంట్లో 23. ఉండాల్సింది 33. టైరు అంచును చేత్తో తడిమి మేకు తలకాయను పట్టుకున్నది పెదనాన్నే.

మిగతా మూడు టైర్లకు ఏ మేకూ దిగలేదు. మరి వాటిలో నాలుగు పాయింట్లు ఎటు పోయాయి? చలికి పోయాయి. అక్టోబరు మధ్యాహ్నం 32 డిగ్రీల వేడిలో 33 పెట్టించిన గాలి, జనవరి తెల్లవారుజామున 5 డిగ్రీలకు వచ్చేసరికి, రవ్వంత కూడా బయటికి పోకపోయినా 29 దగ్గరికి దిగుతుంది. విజయవాడలో ఈ తేడా ఇంతగా తెలియదు. ఢిల్లీలో ఎండాకాలం చొక్కా, చలికాలం స్వెట్టరు ఎలా మార్చుకుంటామో టైర్లో గాలినీ అలాగే సరిచూసుకోవాలి. అదీ బండి నడిపి వేడెక్కకముందే. ఎంత ఉండాలన్నది చాలా కార్లలో డ్రైవరు తలుపు తెరిస్తే కనపడే కాగితం మీద రాసి ఉంటుంది.

లైటు మీదే భారం వేసి ఊరుకోకూడదు కూడా. సెన్సరన్నది ఎంత పెద్దదైనా తప్పు చూపొచ్చు. 2024 మే 29న ఢిల్లీలోని ముంగేశ్‌పూర్ వాతావరణ కేంద్రం 52.9 డిగ్రీలు చూపించి దేశమంతటినీ హడలెత్తించింది. అక్కడి సెన్సరు 3 డిగ్రీలు ఎక్కువ చూపిందని తర్వాత వాతావరణ శాఖే తేల్చింది. అందుకే కారులో చేతి గేజి ఒకటి ఉంచుకోవాలంటాను.

ఇంతకీ పెదనాన్న ప్రశ్నకు జవాబు వాల్వు అడుగున ఉంది. కొన్ని కార్లలో విడిగా సెన్సరు ఉండదు. గాలి తగ్గిన చక్రం కాస్త చిన్నదై ఎక్కువ చుట్లు తిరుగుతుంది కాబట్టి, ఆ తేడాను బ్రేకుల ఏబీఎస్ వ్యవస్థ లెక్కగట్టి చెబుతుంది. నా కారులో మాత్రం రిమ్ముకు లోపలి పక్క, వాల్వును అంటిపెట్టుకుని అగ్గిపెట్టెలో సగమంత డబ్బీ ఉంది. గాలిని కొలిచేది, కొలత కారుకు చేరవేసే చిన్న రేడియో, బ్యాటరీ అన్నీ అందులోనే. బ్యాటరీ అయిదు నుంచి పదేళ్లు వస్తుంది. దాన్ని లోపలే పోతపోసి మూసేస్తారు కనుక, అయిపోతే డబ్బీ మొత్తం మార్చాల్సిందే.

ఇది ఊరికే పుట్టిన సదుపాయం కాదు. అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్లు పరుగులో ఉండగానే పొరలు ఊడి, రెండు వందల మందికి పైగా ప్రాణాలు పోయాక, 2000లో అక్కడ చట్టం తెచ్చారు. 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఈ హెచ్చరిక తప్పనిసరైంది. మన దగ్గర కథ వేరే దారిలో నడిచింది. 2020 జులైలో కేంద్రం మోటారు వాహనాల నియమాలు సవరించి, ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి హెచ్చరిక, పంచరు కిట్టు ఉన్న చిన్న బండ్లకు స్టెప్నీ అక్కర్లేదంది. స్టెప్నీ అన్నది వేల్స్‌లోని లానెల్లీ ఊళ్లో ఒక వీధి పేరు. 1904లో అక్కడి అన్నదమ్ములిద్దరు తాము తయారుచేసిన అదనపు చక్రానికి ఆ పేరు పెట్టుకున్నారు. అది మన లారీల మీదుగా ఇంటి మాటై కూర్చుంది.

ఆ సవరణ నాకు నచ్చలేదు. టైరు పక్కగోడ కోసుకుపోతే కిట్టులోని జిగురు దాన్ని నిలబెట్టలేదు. పైగా సెన్సరుకు పనికొచ్చే రకం కాకపోతే ఆ జిగురే వెళ్లి దాని రంధ్రాన్ని పూడ్చేస్తుంది. స్టెప్నీ లేని కారుకు ఇక దిక్కు రోడ్డు పక్క టైరు షాపే. ఆ షాపులో పనిచేసే మనిషికి ఈ సెన్సరు గురించి ఎవరు చెప్పారు?

రెండేళ్ల కిందట ఇదే కారుకు ముందు టైరు మార్పించాను. కుర్రవాడు చురుకైనవాడే. చక్రాన్ని మిషను పక్కన నిలబెట్టి, టైరును రిమ్ము నుంచి విడగొట్టే పార లాంటి రేకును చేతికి అందిన చోట నొక్కాడు. లోపల టిక్కుమంది. ఇద్దరం విన్నాం, ఇద్దరికీ అర్థం కాలేదు. ఇంటికొచ్చేలోగా లైటు ఒక నిమిషం పాటు మిణుకుమిణుకుమని, తర్వాత అలాగే నిలిచిపోయింది. గాలి తక్కువైతే నిలకడగా వెలుగుతుంది. మిణుకుమందంటే వ్యవస్థలోనే ఏదో చెడిందని అర్థం. కొత్త సెన్సరు కొనాల్సి వచ్చింది. ఆ కుర్రవాణ్ణి నేను తప్పు పట్టను. లోపల ఏముందో నేనూ చెప్పలేదు, అతనికి నేర్పినవాళ్లూ లేరు.

మథుర నుంచి వచ్చాక, మేకు దిగింది అంచులో కాబట్టి పంచరును నమ్ముకోకుండా టైరే మార్చాలనుకున్నాను. కరోల్ బాగ్ సందుల్లో ఒక పెద్దాయన ఉన్నాడని తెలిసి అక్కడికి వెళ్లాను. ఆయన చక్రం అందుకోగానే చూసింది వాల్వునే. రబ్బరుదా, లోహానిదా అని. లోహానిదని చూసి, దాని ఎదురుగా టైరు మీద సుద్దముక్కతో గీత గీశాడు. వాల్వు పిన్ను తీసి, గాలి ఈల పూర్తిగా ఆగేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మిషను రేకును వాల్వుకు సరిగ్గా ఎదురు వైపు ఆనించి నొక్కాడు. గీత ఉన్న వైపుకు రేకు పోనివ్వలేదు. బల్ల మీద తిప్పేటప్పుడూ లీవరు మొన సెన్సరును తాకకుండా వాల్వును ముందే పక్కకు జరిపి పెట్టుకున్నాడు.

టైరు ఊడి వచ్చాక సెన్సరును పొడిగుడ్డతో తుడిచి, వాల్వు అడుగు రబ్బరు వాషరు, నట్టు, పిన్ను మూడూ కొత్తవి వేశాడు. పిన్ను కూడా పచ్చటి ఇత్తడిది కాదు, నికెల్ పూత వేసిన తెల్లది. అల్యూమినియం వాల్వులో ఉత్త ఇత్తడి పిన్ను పెడితే రెండూ తుప్పుపట్టి ఒకదానికొకటి కరుచుకుపోతాయి. మళ్లీ గాలి తీయబోతే వాల్వే విరుగుతుంది. నట్టును బలం కొద్దీ కాకుండా చిన్న టార్కు రెంచితో లెక్క ప్రకారం బిగించాడు.

“ఇదంతా ఎవరు నేర్పారు చాచా?” అని అడిగాను.

“నాలుగు విరగ్గొట్టి నేర్చుకున్నా. నాలుగిటికీ నా జేబులోంచే కట్టా,” అన్నాడు, చేతులు తుడుచుకుంటూ.

ఆ మాట నన్ను వదలడం లేదు. ఈ పనికి ఒకప్పుడు కావాల్సింది భుజబలం, సుత్తి, లీవరు. ఇప్పుడు గడియారం బాగుచేసేవాడి ఓర్పు కావాలి. ఆ ఓర్పు నేర్చుకునే ఖర్చు మాత్రం రోజుకూలీ మీద పడుతోంది. షాపు బోర్డుల మీద ఇంతింత అక్షరాలతో తమ పేర్లు రాయించుకునే టైరు కంపెనీలు, సెన్సరు ఎక్కడుంటుందో, రేకు ఎక్కడ నొక్కకూడదో చూపే బొమ్మ ఒకటి ఆ పక్కనే హిందీలో, తెలుగులో వేయించాలి. కారు అమ్మేవాళ్లు ఏడాదికి ఒక్కరోజైనా ఈ పనివాళ్లను పిలిచి చేసి చూపించాలి.

అది జరిగేదాకా మన పని మనం చేద్దాం. టైరు మార్పించడానికి వెళ్తే బండి దిగగానే చెప్పండి: సెన్సరు ఉంది, వాల్వు దగ్గర నొక్కవద్దు. టైరు ఊడి వచ్చేదాకా పక్కనే నిలబడండి. వాషరు, పిన్ను కొత్తవి వేయమని అడిగి, వాటి డబ్బు, ఆ అదనపు పనికి కూలి విడిగా ఇవ్వండి.